సీసాలోని సాస్‌కి తాలింపు

(హైదరాబాద్ కూకట్‌పల్లిలోని ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలులో, డిసెంబరు నెల ఆదివారం సాయంత్రం ఒక విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి ఈ చాపల మీద కూర్చోండి. పొయ్యి ఇక్కడ పెట్టుకున్నాను. వాసన వెనక దాకా వస్తుంది గానీ రంగు మారడం అక్కడినుంచి కనపడదు. ఇవాళ రంగు చూడటం చాలా ముఖ్యం.

సెక్రటరీ గారు నన్ను పిలిచినప్పుడు, "మేడమ్, ముప్పై ఒకటో తారీకు రాత్రి టెర్రస్ మీద బొగ్గుల గ్రిల్ పెడుతున్నాం, బార్బెక్యూ సాస్ ఇంట్లో ఎలా చేసుకోవాలో చెప్పండి" అన్నారు. అది వద్దు సార్, కొన్న సీసాను ఎలా బాగుచేసుకోవాలో చెప్తాను అన్నాను. మీ ఫ్రిజ్ తలుపులో సగం వాడి వదిలేసిన బార్బెక్యూ సాస్ సీసా ఉన్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, హాల్లో సగానికి పైనే ఉన్నారు. ఎందుకు వదిలేశారమ్మా?

(సభలోంచి: "మరీ తియ్యగా ఉంది ఆంటీ." "ఏదో మందు వాసన." "టమాటా సాస్‌కీ దీనికీ తేడా తెలియలేదు.")

ఈ మూడు మాటలూ నిజమే. మూడింటికీ కారణాలున్నాయి, మూడూ అరగంటలో సరిచేసుకోవచ్చు. ఆ సీసాలో ఉన్నది చెడ్డ వస్తువు కాదు. ఉడికించి, వడకట్టి, నిలవ ఉండేలా చేసి మన చేతికిచ్చిన మంచి ముడిసరుకు. మనం చేస్తున్న పొరపాటు ఏమిటంటే దాన్ని వంట పూర్తయిన పదార్థం అనుకుని నేరుగా వాడటం. కుక్కర్లో ఉడికిన కందిపప్పును తాలింపు లేకుండా అన్నంలో కలుపుకుంటే ఎలా ఉంటుంది? ఈ సాస్ సంగతీ అంతే. దానికి తాలింపు పడలేదు. నేను ఈ సాయంత్రం చెప్పేదంతా ఆ తాలింపు గురించే.

ముందు నాకు జరిగింది ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి పుట్టినరోజుకి మేం మా టెర్రస్ మీద గ్రిల్ పెట్టాం. మూడు కిలోల చికెన్ లెగ్ పీసులు. ముందురోజు రాత్రే సీసా మొత్తం వంచి, పైనుంచి నాలుగు చెంచాల తేనె పోసి, బాగా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు బొగ్గుల మీద వేసిన ఐదు నిమిషాలకే ముక్కలన్నీ నల్లగా మాడిపోయాయి. కోసి చూస్తే ఎముక దగ్గర పచ్చిగా, ఎర్రగా ఉంది. పదిహేనుమంది పిల్లలు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ఒక్క ముక్క కూడా పెట్టలేకపోయాం, హోటల్ నుంచి బిర్యానీ తెప్పించాం. ఆ రాత్రి నాకు చాలా బాధ వేసింది. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ పాఠం చెప్పినదాన్ని, చక్కెర వేడికి ఏమవుతుందో బోర్డు మీద రాసినదాన్ని, సీసా లేబుల్ తిప్పి చదవలేదు. మర్నాడు పొద్దున్న కూర్చుని చదివాను. మీరూ చదవండి, అక్కడినుంచే మొదలుపెడదాం.

ఈ సీసా ఒకసారి అటు పంపిస్తున్నాను, చేతులు మార్చుకుంటూ చూడండి. మన దేశంలో పదార్థాల పట్టికను బరువు ప్రకారం రాయాలి, ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర. మొదటి నాలుగు పేర్లు చూడండి. చక్కెర, నీళ్లు, టమాటా పేస్ట్, వెనిగర్. చాలా సీసాల్లో ఈ నాలుగే అటూ ఇటూ మారుతుంటాయి. అమెరికా నుంచి వచ్చే చాలా రకాల్లో రెండు టేబుల్ స్పూన్లకు 10 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది, అంటే రెండు టీ స్పూన్లు దాటినట్టు. కింద అంకెలున్నాయి చూడండి, కలిపిన పదార్థాలకు ఇచ్చే ఐఎన్‌ఎస్ నంబర్లు అవి. ఐఎన్‌ఎస్ 260 అంటే ఎసిటిక్ ఆమ్లం, వెనిగర్‌లో పుల్లదనం అదే. ఐఎన్‌ఎస్ 211 సోడియం బెంజోయేట్, బూజు పట్టకుండా. 415 అంటే జాంథన్ గమ్, 1422 అంటే మార్చిన పిండిపదార్థం. ఈ చివరి రెండూ చిక్కదనం కోసం. ఇవి విషాలని నేను చెప్పను, అవి ఉండాల్సిన పరిమాణంలోనే ఉంటాయి. కానీ ఆ చిక్కదనం మరగబెట్టగా వచ్చింది కాదని తెలుసుకోవాలి. మనం పులుసు అరగంట మరగనిస్తే నీరు తగ్గి రుచి దగ్గరపడి చిక్కబడుతుంది. ఇక్కడ గంజి లాంటిది కలిపి చిక్కగా చేశారు. అందుకే నాలుక మీద బరువుగా ఉంటుంది, రుచి మాత్రం పలుచగా ఉంటుంది.

ఇప్పుడు పట్టికలో లేనిది ఏమిటో వెతకండి. నూనె, నెయ్యి, వెన్న. ఏదీ లేదు, ఉన్నా చివర్లో ఎక్కడో ఉంటుంది. ఆ పొద్దున్న నాకు కళ్లు తెరిపించిన సంగతి ఇదే. మిరపకాయలో కారాన్నిచ్చే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. ఎండుమిర్చి ఎరుపు కూడా నూనెలోకే దిగుతుంది. జీలకర్ర, మిరియాలు, వెల్లుల్లి వాసనల్లో ఎక్కువ భాగం నూనెనే పట్టుకుంటాయి. ఈ సాస్‌లో మసాలా పొడులున్నాయి గానీ అవి నీళ్లలో, చక్కెరలో మునిగి ఉన్నాయి. వాటిని ఎవరూ వేయించలేదు. మన ఇళ్లలో ఏ అమ్మ అయినా పోపు వాసన రాకుండా పప్పు దించుతుందా?

మాది వరంగల్ వైపు. మా ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నం పచ్చిపులుసు లేకుండా అన్నం పెట్టేవాళ్లు కాదు. మా అమ్మ పచ్చిమిర్చిని కట్టెల పొయ్యిలో నిప్పుల మీద కాల్చేది, పైతోలు అక్కడక్కడా నల్లబడేదాకా. వాటిని ఉప్పుతో, ఉల్లిగడ్డతో చేత్తో నలిపి, చింతపండు రసం పోసి, చిన్న బెల్లం ముక్క వేసి, పైన తాలింపు పెట్టేది. తర్వాత అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాకి చూసి, కళ్లు మూసుకుని ఒక క్షణం ఆగేది. అప్పుడు ఉప్పో బెల్లమో పడేది. ఒక్కసారి ఆలోచించండి. పులుపు, తీపి, కారం, ఉప్పు, నిప్పుల పొగ. అమెరికాలో బార్బెక్యూ సాస్ అని పిలిచేదాంట్లో ఉండాల్సినవి సరిగ్గా ఈ ఐదే. ఆ రుచిని కొలిచే నాలుక మనకు పుట్టుకతోనే ఉంది. సీసా మీద ఇంగ్లిషు అక్షరాలుండేసరికి ఆ నాలుకను వాడటం మానేశాం.

ఆ దేశం వైపు కూడా ఒకసారి చూద్దాం, ఎందుకంటే అక్కడ సాస్ ఒకటి కాదు. నార్త్ కరోలినా తూర్పు భాగంలో వెనిగర్, మిరప, ఉప్పు అంతే, నీళ్లలా పలుచగా ఉంటుంది. సౌత్ కరోలినాలో ఆవాలతో పసుపుపచ్చగా చేస్తారు. అలబామాలో మయొనైజ్‌తో తెల్లగా ఉంటుంది. టమాటా, చెరకు మడ్డి లాంటి మొలాసిస్ కలిసి చిక్కగా, తియ్యగా, నల్లెరుపుగా ఉండేది కాన్సాస్ సిటీ పద్ధతి. మన సూపర్ మార్కెట్లకు వచ్చే సీసాల్లో ఎక్కువ భాగం దీని పిల్లలే. హైన్జ్ కంపెనీ 1940లో సీసాల్లో బార్బెక్యూ సాస్ అమ్మడం మొదలుపెట్టింది, తర్వాత ఈ తీపి పద్ధతే ప్రపంచమంతా తిరిగింది. కాబట్టి "బార్బెక్యూ సాస్ అంటేనే తీపి" అనుకోకండి. మీరు పులుపు పెంచితే తప్పు చేసినట్టు కాదు, కరోలినా వైపు నాలుగడుగులు వేసినట్టు.

పులుపు అంటే ఇంకో మాట చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. చాలా బార్బెక్యూ సాసుల్లో వూస్టర్‌షైర్ సాస్ అనే నల్లటి ద్రవం కలుపుతారు. ఇంగ్లాండులోని వూస్టర్ ఊళ్లో లీ, పెరిన్స్ అనే ఇద్దరు మందుల వ్యాపారులు 1837 నుంచి దాన్ని అమ్మారు. అందులో ఏముంటుందో తెలుసా? వెనిగర్, మొలాసిస్, ఉల్లి, వెల్లుల్లి, ఆంకోవీ అనే చిన్న చేపలు, ఇంకా చింతపండు. అంటే మనం సాస్‌లో చింతపండు వేస్తే కొత్త పని చేసినట్టు కాదు. దాంట్లో ముందే ఉన్న రుచిని పెంచుతున్నాం. (శాకాహారులు ఇక్కడ జాగ్రత్త. ఆ చేపల సంగతి వల్ల సీసా మీద పచ్చ చుక్క ఉందో లేదో చూసి కొనండి.)

చింతపండుకు ఇంకో గుణం ఉంది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం వేడికి ఆవిరవుతుంది, అందుకే వెనిగర్ పోసిన గిన్నె మీద మొహం పెడితే ముక్కు మండుతుంది. చింతపండులో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లం. అది ఆవిరి కాదు, ఎంత మరిగినా పులుపు అలాగే ఉంటుంది. మరిగేటప్పుడు చింతపండు, దించాక వెనిగర్ గానీ నిమ్మరసం గానీ వెయ్యాలి. ఈ వరస తప్పితే ఫలితం మారిపోతుంది.

సరే, పొయ్యి వెలిగిస్తున్నాను. ఒక కప్పు సాస్‌కు, అంటే సుమారు 250 మిల్లీలీటర్లకు, లెక్క చెప్తాను. అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి. ఒక టేబుల్ స్పూన్ నూనె, అర టేబుల్ స్పూన్ వెన్న. మంట మధ్యస్థంగా. ఒక చిన్న ఉల్లిగడ్డ తురిమి వేస్తున్నాను. తరిగి కాదు, తురిమి. తరిగితే సాస్‌లో ముక్కలు తగులుతాయి, చికెన్ మీద పూసినప్పుడు ముక్కలే ముందు మాడుతాయి. తురుములో నీరు ఎక్కువ కాబట్టి మొదట ఉడుకుతుంది, ఆ నీరు పోయాకే వేగడం మొదలవుతుంది. తొందరపడకండి. దీనికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. బిర్యానీకి బరిస్తా వేయించినంత నల్లగా వద్దు, తేనె రంగు చాలు. అదిగో, అంచుల్లో రంగు తిరుగుతోంది, ముందువరసలో వాళ్లకు కనపడుతోందా? ఇప్పుడు నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి వేస్తున్నాను. వెల్లుల్లి ముందే వేస్తే మాడి చేదు వస్తుంది, అందుకని చివర్లో.

ఇప్పుడు టమాటా పేస్ట్ ఒక టేబుల్ స్పూన్. సీసాలో టమాటా ఉంది కదా మళ్లీ ఎందుకు అంటారేమో. సీసాలోది ఉడికింది, వేగలేదు. మా ఇంట్లో టమాటా పచ్చడికి టమాటాలు నూనెలో మగ్గి, నూనె పైకి తేలేదాకా తిప్పుతారు చూడండి, అదే ఇక్కడ రెండు నిమిషాల్లో చేస్తున్నాను. ఎరుపు ఇటుక రంగులోకి మారాలి. పేస్ట్ దొరక్కపోతే రెండు పండిన టమాటాలు తురిమి, పచ్చివాసన పోయేదాకా మగ్గించండి, అంతే.

మంట బాగా తగ్గించాను. ఇప్పుడు పొడులు. అర టీ స్పూన్ మిరియాలు కచ్చాపచ్చాగా దంచినవి, అర టీ స్పూన్ వేయించిన జీలకర్ర పొడి, ఒక టీ స్పూన్ మిరప్పొడి. ఏ మిరప్పొడి అంటే, నేను మా ఊరి వైపు పండే చపాట మిర్చి వాడతాను. వరంగల్ చపాటకు జీఐ ట్యాగ్, అంటే ఆ ప్రాంతపు పంట అన్న గుర్తింపు, కూడా వచ్చింది. లావుగా, పొట్టిగా ఉంటుంది, అందుకే టమాటా మిర్చి అంటారు. కారం తక్కువ, రంగు విపరీతం. బేగంబజార్‌లో అడిగితే దొరుకుతుంది. దొరక్కపోతే బ్యాడిగి గానీ కశ్మీరీ గానీ వాడండి. గుంటూరు కారం వేసుకునేవాళ్లు పావు టీ స్పూన్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే చక్కెర ఉన్న పదార్థంలో కారం ఆలస్యంగా తెలుస్తుంది. మొదటి ముక్క బాగుంటుంది, నాలుగో ముక్కకు పిల్లలు నీళ్లకు పరుగెడతారు. పొడులు నూనెలో ఇరవై సెకన్లు తిరగాలి, అంతకంటే వద్దు. ఈ వాసన వచ్చిందా వెనక? ఈ వాసనే సీసాలో లేనిది.

ఇప్పుడు చింతపండు. ఉసిరికాయంత చింతపండును పావు కప్పు వేడినీళ్లలో నానబెట్టి పిసికి, వడకట్టిన రసం ఇది. పోసి ఒక నిమిషం మరగనిచ్చాక సీసాలోని సాస్ ఒక కప్పు వేస్తున్నాను. అర కప్పు నీళ్లు కూడా. పలుచగా అయిపోయిందని కంగారుపడకండి. చిన్న మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు మరిగితే మొదటి చిక్కదనానికి వస్తుంది, ఈసారి మరగడం వల్ల వచ్చిన చిక్కదనం. అడుగు తిప్పుతూ ఉండాలి, చక్కెర ఎక్కువ కాబట్టి అడుగంటితే చేదు మొత్తం గిన్నెకు పాకుతుంది. ఉప్పు ఇప్పుడు వెయ్యకండి. సీసాలో ఉప్పు ఇప్పటికే ఉంది, మరిగేకొద్దీ ఇంకా దగ్గరపడుతుంది.

ఇది మరిగేలోపు పొగ గురించి. మీలో ఒకరు మందు వాసన అన్నారు. అది చాలావరకు లిక్విడ్ స్మోక్ వాసన. కట్టె కాలేటప్పుడు వచ్చే పొగను చల్లార్చి ద్రవంగా పట్టుకుంటారు. కాన్సాస్ సిటీలోనే రైట్ అనే ఔషధ వ్యాపారి 1895లో అలాంటిది అమ్మడం మొదలుపెట్టాడు. అది అసలు పొగే, రసాయనంగా నకిలీ కాదు. కట్టెలోని లిగ్నిన్ విరిగితే గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు వస్తాయి, మనకు పొగ వాసన అనిపించేది వాటివల్లే. కానీ సీసాలో ఎక్కువైతే ఆసుపత్రి వాసనలా తగులుతుంది. దాన్ని తీసెయ్యలేం, మంచి పొగతో కప్పగలం.

మన దగ్గర మంచి పొగ రెండు చోట్ల ఉంది. ఒకటి పెద్ద యాలక్కాయ, నల్లటిది. బిర్యానీలో నోటికి తగిలితే పక్కన పెట్టేస్తాం. దాన్ని సిక్కిం, నేపాల్ కొండల్లో కట్టెల మంట మీద భట్టీల్లో ఆరబెడతారు. ఆ గింజల్లో నిజమైన పొగ దాగి ఉంటుంది. ఒక కాయ గింజలు దంచి పొడులతోపాటు వేస్తే చాలు. రెండోది హైదరాబాద్ వంటగదులకు బాగా తెలిసిన ధుంగార్. సాస్ దించాక, మధ్యలో చిన్న స్టీలు గిన్నె తేలేలా పెట్టి, ఎర్రగా కాలిన కట్టెబొగ్గు ఒకటి అందులో వేసి, దాని మీద రెండు చుక్కల నెయ్యి వేసి వెంటనే మూత పెట్టాలి. కబాబ్ వాళ్లు మాంసానికి పట్టించే పొగ ఇదే. మూడు నిమిషాలు చాలు, ఐదు దాటితే చేదు. ఇందులో వెన్న వేసుకున్నాం కాబట్టి పొగ బాగా పట్టుకుంటుంది. దయచేసి రెండు సంగతులు గుర్తుంచుకోండి. త్వరగా అంటుకునే రసాయనం పూసిన బొగ్గు వాడొద్దు, మామూలు కట్టెబొగ్గు వాడండి. కిటికీలు తెరిచి చెయ్యండి. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి రంగూ వాసనా లేవు, ప్రాణం తీస్తుంది. చలికాలం కదా అని తలుపులు బిగించకండి.

పెద్ద యాలక్కాయ దొరకనివాళ్లకు రాతిపువ్వు ఉంది. పొట్లీ మసాలాలో వేస్తారు చూడండి, ఎండిన నాచులా ఉంటుంది. నూనె వేడెక్కగానే చిన్న రెక్క వెయ్యండి, ఉల్లిగడ్డ వేగాక తీసెయ్యండి.

ఒకసారి రుచి చూస్తున్నాను. సాస్‌ను చెంచాతో నాకి చూస్తే ఎప్పుడూ తప్పుతుంది. ఉత్త సాస్ నాలుకకు ఘాటుగా ఉంటుంది, దానికి భయపడి పులుపు, ఉప్పు తగ్గిస్తాం, తర్వాత చికెన్ మీద చప్పగా అనిపిస్తుంది. అందుకని ఉప్పు వెయ్యకుండా ఉడికించిన ఆలుగడ్డ ముక్కలు తెచ్చాను. ముక్క మీద పూసి తినాలి. ఊఁ. తీపి ఇంకా ముందుకు వస్తోంది. మన ఇళ్లలో చాలామంది ఈ దశలో తేనె వేస్తారు, నేనూ అప్పుడు అదే చేశాను. దయచేసి తీపి వెయ్యకండి. ఈ సీసా తియ్యగా ఉందని మీరే చెప్పారు. నేను ఒక టేబుల్ స్పూన్ చిక్కటి కాఫీ డికాక్షన్ వేస్తున్నాను. ఆ సన్నటి చేదు తీపిని కిందికి తెస్తుంది, రంగు కూడా లోతుగా వస్తుంది. ఒకవేళ మీ సీసా వెనిగర్ ఎక్కువైన రకమైతే అప్పుడు తాటిబెల్లం చిన్న ముక్క వెయ్యండి, పంచదార కంటే అది వెయ్యి రెట్లు బాగుంటుంది.

ఇంకా ఏదో తక్కువ అనిపిస్తోంది. నోరూరించే ఆ లోతు రుచి. ఆంకోవీ చేపలు చేసే పని అది. మాంసాహారులకు నేను చెప్పేది ఎండురొయ్యలు. తలలు తీసి, దోరగా వేయించి, మెత్తగా పొడి చేసి అర టీ స్పూన్. రొయ్యల వాసన రాదు, మాంసం రుచి పెరుగుతుంది. శాకాహారులు ఒక టీ స్పూన్ సోయా సాస్ వేసుకోండి, అప్పుడు ఉప్పు మళ్లీ అవసరం ఉండదు.

మంట ఆపేశాను. ఇప్పుడు ఒక టీ స్పూన్ వెనిగర్. చూడండి, వేడి గిన్నెలో పడగానే వాసన ఎలా లేచిందో. అయిపోయింది, బొగ్గు పెడుతున్నాను, మూడు నిమిషాలు మూత తియ్యకూడదు.

ఈలోపు ముప్పై ఒకటో తారీకు సంగతి. సాస్ ఎప్పుడు పూయాలి? ముక్కలు దాదాపు ఉడికాక, చివరి ఐదు నుంచి పది నిమిషాల్లో. తేనెలో, పళ్లలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర 110 డిగ్రీల దగ్గరే రంగు మారడం మొదలుపెడుతుంది, మామూలు చక్కెర 160 దగ్గర. ఎర్రటి బొగ్గుల పైన వేడి 200 డిగ్రీలు సులువుగా దాటుతుంది. ముందే పూస్తే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. ముందురోజు నానబెట్టడానికి పెరుగు, అల్లం వెల్లుల్లి, ఉప్పు, కారం, నూనె వాడండి, మన పద్ధతే. బొగ్గుల్ని ఒక పక్కకు నెట్టి, ముక్కల్ని రెండో పక్క పెట్టి మూత వేసి ఉడకనివ్వండి. ముక్క లోపల 74 డిగ్రీలు రావాలి, చిన్న థర్మామీటర్ కొనుక్కుంటే ఆ టెన్షన్ ఉండదు. ఆ తర్వాత పలుచగా ఒక పూత, రెండు నిమిషాలాగి తిప్పి ఇంకో పూత. ఒకేసారి మందంగా పూస్తే కారిపోయి బొగ్గుల్లో పడి మాడుతుంది.

పచ్చి చికెన్‌కు తగిలిన బ్రష్‌ను సాస్ గిన్నెలో ముంచకండి. రెండు గిన్నెలు పెట్టుకోండి, ఒకటి పూయడానికి, ఒకటి నంజుకోవడానికి. పూసిన గిన్నెలో మిగిలింది పారెయ్యాల్సిందే. చాలా ఇళ్లలో ఇది పట్టించుకోరు, పిల్లల కడుపులు పాడైతే మయొనైజ్ మీద నెపం పెడతారు.

(సభలోంచి: "మేడమ్, మిగిలిన సాస్ మళ్లీ ఆ సీసాలోనే పోసి పెట్టుకోవచ్చా?")

వద్దమ్మా. ఆ సీసాను వాళ్లు లెక్కగట్టి చేశారు. ఆమ్లం ఎంత, చక్కెర ఎంత, బెంజోయేట్ ఎంత అని. మనం ఉల్లిగడ్డ, వెల్లుల్లి, నీళ్లు, నూనె కలిపి ఆ లెక్క మార్చేశాం. శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరబెట్టిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, వారం రోజుల్లో వాడెయ్యండి. ఆవకాయ జాడీకి తడి చెయ్యి తగలనివ్వం కదా, దీనికీ అంతే మర్యాద. బయట మాత్రం ఉంచొద్దు, వెల్లుల్లి నూనెలో ఉన్న పదార్థాలు గది వేడిలో ప్రమాదం.

(సభలోంచి: "మేం ఉల్లి, వెల్లుల్లి తినం. అప్పుడెలా?")

మంచి ప్రశ్న. నూనె కాగాక రెండు చిటికెల ఇంగువ వెయ్యండి, పొంగగానే టమాటా పేస్ట్. మీరు కొన్న సీసాలోనే ఉల్లి, వెల్లుల్లి పొడి ఉండొచ్చు, అది ముందు చూసుకోండి. మీకు నేను ఇంకోటి కూడా చెప్తాను. మిర్చీ కా సాలన్‌లో నువ్వులు, పల్లీలు వేయించి ముద్ద చేసి వేస్తారు కదా, చింతపండుతో కలిసి ఎంత చక్కటి రుచి వస్తుంది. వేయించిన నువ్వుల ముద్ద ఒక టేబుల్ స్పూన్ ఈ సాస్‌లో కలిపి, నిప్పుల మీద కాల్చిన వంకాయ చీలికల మీద పూయండి. పన్నీర్ కంటే నాకు అదే ఎక్కువ ఇష్టం. కాల్చిన మక్కకంకి మీద కూడా బాగుంటుంది, నిమ్మకాయ రుద్దాక.

(సభలోంచి: "గోంగూర వేస్తే ఎలా ఉంటుందండీ?")

మటన్ మీదికైతే చాలా బాగుంటుంది. చింతపండు బదులు ఒక గుప్పెడు ఆకు నూనెలో మెత్తగా మగ్గించి, జల్లెడలో రుద్ది ఆ గుజ్జు వెయ్యండి. నార ఉంటే బ్రష్‌కు చుట్టుకుంటుంది. చికెన్‌కు మాత్రం గోంగూర మరీ గట్టిగా వినిపిస్తుంది, చికెన్ రుచి పక్కకు పోతుంది. వేసవిలో అయితే పచ్చిమామిడి ఉడికించిన గుజ్జు వాడి చూడండి.

(సభలోంచి: "మైక్రోవేవ్‌లో చెయ్యొచ్చా ఆంటీ? హాస్టల్లో గ్యాస్ లేదు.")

వేయించడం అందులో సరిగ్గా కుదరదు నాన్నా. కానీ ఒక పని చెయ్యొచ్చు. గాజు గిన్నెలో ఒక టీ స్పూన్ వెన్న, మిరియాల పొడి, జీలకర్ర పొడి వేసి ముప్పై సెకన్లు పెట్టు. వాసన రాగానే సాస్, కొంచెం నిమ్మరసం కలుపు. ఉల్లిగడ్డ లేకపోయినా సగం తేడా కనపడుతుంది.

మూడు నిమిషాలైంది, మూత తీస్తున్నాను. బొగ్గు గిన్నె జాగ్రత్తగా బయటికి తీసి, నీళ్లలో ముంచుతున్నాను. ఇదిగో, ఎడమవైపు గిన్నెలో సీసాలోంచి తీసింది తీసినట్టే ఉంది. కుడివైపు ఇప్పుడు చేసింది. ఆలుగడ్డ ముక్కలు, టూత్‌పిక్‌లు ఈ ట్రేలో ఉన్నాయి. ముందు ఎడమది తినండి, రెండు గుక్కలు నీళ్లు తాగండి, తర్వాత కుడిది. కుడివైపు దాంట్లో మీకు ఉప్పు తక్కువనిపిస్తే నాకు చెప్పండి, నేను ఇంకా వెయ్యలేదు. మీ అందరి మాట విన్నాకే వేద్దామని ఆగాను. వరసగా రండి, ముక్కలు చల్లారకముందే.